పాత ఫిల్టర్ విప్పి చూసే ఆమె

డిసెంబరు 16, శనివారం. ఉదయం పదకొండు గంటలు. కోరుట్ల, మెట్‌పల్లి రోడ్డులో కార్లకు ఆయిల్ మార్చే షెడ్డు. ఎండ బాగానే ఉంది, గాలి చల్లగా ఉంది. ఉన్నవాళ్లు: నేను, మా అక్క కొడుకు, కారు అమ్మడానికి సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి నుంచి వచ్చిన సాంచెల, అంటే మరమగ్గాల, యజమాని, షెడ్డు నడిపే మెకానిక్, అతని భార్య.

రెండేళ్ల కిందటి డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. పోయిన వారం వెతికి తీశాను. కారణం ఆ జాబితాలో చివరన ఉన్న మనిషి.

నా కారుకు ఆయిల్ మార్పించుకుందామని జగిత్యాల నుంచి కోరుట్ల వెళితే షెడ్డు షట్టరు దించి ఉంది. దానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. పక్కన పంక్చర్ వేసే అతను నన్ను చూసి లేచి వచ్చాడు.

"జరమొచ్చింది సార్. నాలుగొద్దులు దవాఖానల ఉన్నది. గంతే."

ఫ్లెక్సీ మీద ఎప్పుడో స్టూడియోలో తీయించుకున్న ఫొటో. భుజాల వరకే ఉంది. ఆమెను ఎరిగినవాళ్లు ఎవరైనా ముందు చేతుల కోసం చూస్తారు. ఆ ఫొటోలో చేతులు లేవు. కింద పేరు రాసి ఉంది. తొమ్మిదేళ్లు ఆ షెడ్డుకు వెళ్లాను, ఆ పేరు నాకు తెలియడం అదే మొదటిసారి. డ్రైవర్లంతా ఫిల్టరక్క అనేవాళ్లు. నేను 'అమ్మా' అనేవాణ్ని. ఇక్కడ కూడా ఆ పేరు రాయడం లేదు. రాస్తే ఇంకెవరి గురించో రాసినట్టు నాకే అనిపిస్తుంది.

ఆమె పని ఇది. కారులో ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్‌ను అందరూ చెత్తలో వేస్తారు. ఆమె వేయనిచ్చేది కాదు. ఆ డబ్బాను రాత్రంతా తలకిందులుగా పెట్టి నూనె కారనిచ్చి, మర్నాడు కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, ఎండలో పరిచి చూసేది. నూనెతో పాటు ఇంజన్లో తిరిగిన ప్రతి నలుసూ ఆ మడతల్లో చిక్కుకుని ఉంటుంది. అది చూసి ఇంజన్ ఎలా ఉందో చెప్పేది.

నేను మొదటిసారి వెళ్లింది రిటైరయిన ఏడాది. పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా మేడిపల్లిలో చాలాకాలం పనిచేశాను. చివర్లో ఓ పాత చిన్న కారు కొనుక్కున్నాను. ఆయిల్ మార్పించి డబ్బులిచ్చి బయలుదేరబోతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"సారూ, రేపు గిటు వస్తరా?"

"ఎందుకమ్మా?"

"మీ ఫిల్టర్ ఉన్నది గద. చూసి చెప్త."

వెనక్కి తిరిగి చూస్తే చిన్న పీట మీద కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో స్టీలు పళ్లెం, పళ్లెంలో నల్లటి కాగితం. చేతిలో కత్తెర. ఆ కత్తెర చూడగానే తెలిసింది, అది బీడీల కత్తెర. మా వైపు సగం ఇళ్లల్లో ఉంటుంది. తునికాకును కొలతకు కత్తిరించేది. ఆమెది బీర్పూర్. భూమి లేని ఇల్లు. చిన్నప్పటి నుంచి పెళ్లయి చాలా ఏళ్లయ్యేదాకా బీడీలు చుట్టింది. ఆకు పలచనా మందమా, ఈనె ఎటు పోయింది, తడి ఎంత ఉంది అని వేళ్లతోనే తెలుసుకున్న మనిషి. నూనెలో నానిన కాగితాన్ని అంత మెల్లగా, ఒక్క చోట కూడా చిరగకుండా ఇంకెవరూ విప్పలేరు. ఆమె భర్త విప్పితే చిరిగేది.

మర్నాడు వెళ్లాను. చాట నా ముందుకు జరిపింది.

"మీరు బండి స్టార్ట్ చేయంగనే రేస్ చేస్తరా?"

"చేయను."

"రోజూ నడుపుతరా?"

"వారానికోసారి."

"అదే. నిలవడి నిలవడి లోపట చెమ్మ పడుతున్నది. వారానికి రెండుసార్లన్న ధర్మపురి దాంక తిప్పుండ్రి."

అప్పుడు గాని కాగితం చూపించలేదు. ముందు అడిగి, తర్వాత చూడటం ఆమె పద్ధతి. కాగితం సగమే చెప్తది, తతిమ సగం నడిపేటోడు చెప్పాలె అనేది.

నేను ఏ పని చేసి రిటైరయ్యానో అడిగింది. చెప్పాను. పేడ నమూనాలు తీసుకుని, గాజు పలక మీద పరిచి, పురుగు గుడ్లు ఉన్నాయా అని భూతద్దం గొట్టంలో చూసేవాళ్లమని కూడా చెప్పాను. చాలాసేపు నవ్వింది.

"గట్లనా! మీరు పెండ చూసిండ్రు, నేను ఫిల్టర్ చూస్తున్న. ఇద్దరిది ఒక్కటే పని సారూ. లోపటికి పోయి చూడరాదు, బయటికొచ్చింది చూసి చెప్పాలె." మళ్లీ అనుమానం వచ్చింది. "డాక్టరా, కాంపౌండరా?"

"కాంపౌండర్నే."

"అయితె సార్ అంట. డాక్టరంటె అసలు డాక్టర్లకు కోపమొస్తది."

ఆమె దగ్గర పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ఉండేది. పలచని ప్లాస్టిక్ కవరులో చుట్టి కాగితం మీద తిప్పేది. దానికి అంటుకునేది ఇనుము. అంటుకోకుండా తెల్లగా మెరిసేది అల్యూమినియం, అంటే పిస్టన్ అరుగుతున్నట్టు. పసుపుగా మెరిస్తే బేరింగుల్లోని రాగి. మజ్జిగలా తెల్లటి నురగ కనిపిస్తే నూనెలో నీళ్లు కలిసినట్టు. నాకు ఇవన్నీ ఒక్కొక్కటి చూపించి నేర్పింది. నేను డైరీలో రాసుకున్నాను. రాసుకుంటుంటే చూసి, "పరీక్షకు పోతరా ఏంది?" అంది.

ఆమె భర్త మంచి మెకానిక్. బోనెట్ తెరిచి చెవి పెట్టి విని, "సూపర్ ఉన్నది, ఢోకా లేదు" అనేవాడు. అది విని యజమాని సంతోషంగా టీ చెప్పేవాడు. అప్పుడు లోపలి నుంచి ఆమె గొంతు వచ్చేది.

"ఏందయ్యా, సూపర్ ఉన్నదన్నవ్?"

"అన్న. ఏమే?"

"ఇటు రా. గీ సూపర్ చూడు."

అతను వెళ్లి చాటలోకి చూసి, తల గోక్కుంటూ తిరిగి వచ్చేవాడు. టీ మాత్రం తాగేవాడు. ఈ దృశ్యం నేను ఎన్నిసార్లు చూశానో. ఒకసారి అతన్నే అడిగాను, చిన్నతనంగా ఉండదా అని. "ఏం చిన్నతనం సార్? నేను చెవుతోని ఇంట. ఆమె కండ్లతోని చూస్తది. చెవుకు కంటికి మధ్యల నాలుగు వేళ్లే కద దూరం, అయినా ఒకదానికొకటి కనవడయి" అన్నాడు.

చెడు మాట అందరి ముందు చెప్పేది కాదు. డ్రైవర్‌ను పిలిచి, అయస్కాంతం అతని చేతికే ఇచ్చి, "నువ్వే తిప్పు" అనేది. తనే చూసుకున్నవాడు ఆమెతో వాదించేవాడు కాదు. అయినా వినని వాళ్లు ఉండేవాళ్లు. ఒక పెద్ద బండి ఆసామి కాగితం మీద మజ్జిగ నురగ కనిపించింది. స్టార్ట్ చేయకు, తాడేసి గుంజుకపో అంది. అతను నవ్వి స్టార్ట్ చేసుకుని వెళ్లాడు. మెట్‌పల్లి చేరకుండానే ఇంజన్ పట్టేసింది. తర్వాతి వారం వచ్చి ఆమె మీదే కేకలేశాడు.

"నీ నోటి వాక్కు తగిలింది నా బండికి!"

"నా నోరు కాదన్నా, నీ తాళంచెవి" అంది, తల ఎత్తకుండా.

పాత కారు కొనేవాళ్లు కూడా ఫిల్టర్ పట్టుకుని వచ్చేవాళ్లు. అమ్మేవాళ్లు తెలివిగా ముందు రోజే కొత్త ఫిల్టర్ వేయించేవాళ్లు. అలాంటిది వస్తే ఆమె మూత దగ్గర వాసన చూసి తిరిగి ఇచ్చేసేది. "ఇది నిన్న పుట్టింది. దీన్ని తాతల నాటి ముచ్చట అడిగితె ఏం చెప్తది?" కొనేవాడు బతిమాలేవాడు, ఏదో ఒకటి చెప్పమనేవాడు. ఆమె ఒకటే మాట అనేది. "నాకు తెల్వది." ఆ మాట చాలామంది గొణుగుతారు. ఆమె మాత్రం ఫలానా బస్సు ఎన్ని గంటలకు అని అడిగితే చెప్పినంత స్పష్టంగా చెప్పేది.

ఇప్పుడు ఆ శనివారం సంగతి.

మా అక్క కొడుకుది మేడిపల్లి. ఏడేళ్లు మస్కట్‌లో ఉండి వచ్చాడు. ఇక వెళ్లనని ఇంట్లో చెప్పాడు. పాత డీజిల్ కారు ఒకటి కొని కిరాయికి తిప్పుకుంటానన్నాడు. అదే సమయంలో జగిత్యాలలో ఏజెంటు ఇంకో వీసా ఉందన్నాడు. అదే కంపెనీ, కాస్త మంచి పని. ఆదివారం ఉదయం పది గంటలకు పాస్‌పోర్టు తెచ్చి ఇవ్వాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. కారు బాగుంటే ఇక్కడే ఉంటాడు. బాగాలేకపోతే కూడబెట్టింది దాని రిపేర్లకే పోతుంది, అంతకంటే మళ్లీ వెళ్లడమే నయం. ఇంత సూటిగా తేల్చుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మామా, నీకు గా ఫిల్టరక్క తెలుసు గద. జెర చూపియ్యి."

శుక్రవారం ఇద్దరం తంగళ్ళపల్లి వెళ్లి కారు చూశాం. సాంచెల యజమాని ముక్కుసూటి మనిషి. ఆర్డర్లు తగ్గినయి, కారు ఇంటి ముందర నిలవడే ఉంటున్నది, అందుకే అమ్ముతున్నానన్నాడు. పాత ఫిల్టర్ కావాలంటే అభ్యంతరం చెప్పలేదు. సిరిసిల్లలో మెకానిక్ చేత పాతది తీయించి, కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయించాడు. పాతది నా చేతికి ఇచ్చాడు. శనివారం తనే కారు కోరుట్లకు తెస్తానన్నాడు.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. ఆమె దగ్గర ఫిల్టర్ ఒక రోజు పడుతుందని తెలుసు. ఏజెంటు గడువు ముంచుకొస్తోంది. పద్ధతి అంతా నా డైరీలో ఉంది. అందుకని సాయంత్రం జగిత్యాలలో మా ఇంటి వెనక నేనే హాక్సా బ్లేడుతో ఆ డబ్బాను కోశాను. కాగితం తీసి, పెట్రోలుతో కడిగి, పాత పేపరు మీద ఆరబెట్టి, మడిచి కవరులో పెట్టుకున్నాను. మెరుస్తున్న నలుసులు నాకే కనిపించాయి. మేనల్లుడికి చెప్పలేదు. ఆమె నోటితోనే విననీ అనుకున్నాను.

ఉదయం పదకొండు గంటలకు అందరం షెడ్డులో ఉన్నాం. ఆమె నా కాగితం పళ్లెంలో పరిచి అయస్కాంతం తిప్పింది. దానికి మీసం మొలిచినట్టు ఇనుము అంటుకుంది.

"అయిపాయె" అన్నాడు ఆమె భర్త. "ఇంజన్ ఖతం."

"ఏందయ్యా ఖతం?" సాంచెల యజమాని గొంతు పెంచాడు. "మొన్ననే హైదరబాద్ పోయొచ్చిన. ఒక్క చుక్క నీళ్లు పోయలే, ఒక్క చప్పుడు రాలే!"

మా మేనల్లుడు అక్కడున్న టైరు మీద కూర్చుండిపోయాడు. ఫోను తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఆమె కాస్త పొడి బొటనవేలి గోరు మీద వేసుకుని ఎండకు తిప్పింది. ఆ తర్వాత నా వైపు చూసింది.

"సారూ, దీన్ని ఎవలు కోసిండ్రు?"

"నేనే కోశాను."

"దేంతోని?"

"హాక్సా బ్లేడుతో."

ఆమె గోరు నా ముందు పెట్టింది. "చూడుండ్రి. గిది వంకర తిరిగి ఉన్నది, కొత్తగ మెరుస్తున్నది. ఇంజన్ల అరిగింది గిట్ల ఉండది. నల్లగ సుర్మా లెక్క ఉంటది. గిది మీ రంపం పొట్టు."

నిజమే. ఆమె ఎప్పుడూ రంపం ముట్టలేదు. పైపులు కోసేవాళ్ల దగ్గర ఉండే చక్రం కట్టర్ వాడేది. అది నొక్కుతూ కోస్తుంది, పొట్టు రాలదు. అన్నేళ్లు ఎదురుగా కూర్చుని చూశాను. డైరీలో కాగితం గురించి రాసుకున్నాను, అయస్కాంతం గురించి రాసుకున్నాను. ఆ కట్టర్ ఎందుకో అడగలేదు, రాసుకోలేదు.

"కడిగిండ్రా దీన్ని?"

"పెట్రోలుతో కడిగాను."

"మంచిగ చేసిండ్రు. ఉన్న సాక్ష్యం గూడ కడిగేసిండ్రు." పళ్లెం పక్కన పెట్టింది. "సారూ, ఎవడన్న పెండ నమూనా ఇసుకల బొర్రిచ్చి తెస్తె మీరేమంటుండె?"

"తిట్టి పంపేవాణ్ని."

"నేను తిడుతలేను. మీరు పెద్దోళ్లు గద" అంది. తిట్టినట్టే ఉంది.

మా మేనల్లుడు టైరు మీద నుంచి లేచాడు. "అయితె ఇంజన్ మంచిగనే ఉన్నదా అక్కా?"

"గట్లన్ననా నేను? గీ పొట్టు రంపంది అన్న. ఇంజనుది ఏమున్నదో గిండ్ల కలిసిపోయింది. నాకు తెల్వది."

"రేపు పదింటికి చెప్పాలె అక్కా. గాడ పాస్‌పోర్టు ఇయ్యాలె."

ఆమె కాసేపు కారు వైపు చూసింది. "నిన్న సిరిసిల్లల కొత్త ఫిల్టర్ వేసిండ్రు గద? గది గిక్కడిదాంక నడిచొచ్చింది. గిప్పుడు ఇంకింత నడుపుదాం, బరువేసుకోని. పొద్దుమీకి గా ఫిల్టర్ విప్పి పెడుత. తెల్లారి కోస్త. ఇంజన్ల పెద్ద రోగముంటె గంతల్నే దొరుకుతది. చిన్నదైతె దొరకది. గంతవరకే నేను చెప్పగలుగుత."

సాంచెల యజమాని గడియారం చూసుకున్నాడు. "నా సాంచెల కాడ పని ఆగుతదమ్మా."

"ఒక్క పూట ఆపన్నా. మల్ల వీళ్లు నీ బండి చెడ్డదని ఊరంత చెప్తె మంచిదా?"

అతను ఆ రాత్రికి కోరుట్లలో చుట్టాలింట్లో ఉంటానని ఒప్పుకున్నాడు. ఆమె భర్త డిక్కీలో నాలుగు ఇసుక సంచులు వేశాడు. ఎటు వెళ్దాం అంటే, "ఉత్తగ తిరుగుడెందుకు? బీర్పూర్ దాంక పోదాం. మా అవ్వకు బీపీ గోలీలు ఇచ్చేదున్నది" అని వెనక సీట్లో కూర్చుంది. మా మేనల్లుడు నడిపాడు. అతని పక్కన సాంచెల యజమాని. ఆమె పక్కన నేను.

జగిత్యాల దాటేదాకా ఆమె కళ్లు మూసుకునే ఉంది. ఇంజన్ వింటోందనుకున్నాను. నిద్రపోయిందని తర్వాత తెలిసింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర మెలకువ వచ్చి, అతన్ని అడిగింది.

"ఎందుకు తమ్మీ పోనంటున్నవ్? గాడ తిప్పలున్నదా?"

"తిప్పలేం లేదక్కా. రూములు మంచియే." ముందున్న ట్రాక్టరును దాటించి చెప్పాడు. "నాకు బిడ్డ ఉన్నది. ఐదేండ్లు. పుట్టినప్పటి సంది నన్ను ఫోన్లనే చూసింది. మొన్న ఇంటికొచ్చినంక దగ్గరికి పిలుస్తె రాలే. అవతలి అర్రలకు పోయి ఫోన్ చెయ్యి, మాట్లాడుత అన్నది."

"చేసినవా?"

"చేసిన. మంచిగ మాట్లాడింది."

సాంచెల యజమాని నవ్వబోయి ఆగాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అయ్యో అనలేదు, దేవుడున్నాడు అనలేదు. కొంత దూరం పోయాక, "మూడో గేర్లకు మార్చు, గుంజుతున్నది" అంది.

బీర్పూర్‌లో ఆమె తల్లి మాకు టీ పెట్టింది. తిరిగి షెడ్డుకు వచ్చేసరికి పొద్దు వాలింది. ఆమె భర్త ఫిల్టర్ విప్పి, దాని చోట కొత్తది బిగించాడు. ఆమె విప్పినదాన్ని గిన్నె మీద తలకిందులుగా పెట్టి, పైన గుడ్డ కప్పింది. మర్నాడు ఆదివారం. ఆదివారం ప్రార్థన అయిపోయి మధ్యాహ్నం పన్నెండు దాటితే గాని ఆ షెడ్డు తెరవరని అందరికీ తెలుసు. నేను ఆ మాట ఎత్తబోతుంటే, "ఏడున్నరకు రాండ్రి" అంది.

డిసెంబరు 17, ఆదివారం. ఏడు గంటల ఇరవై నిమిషాలకు మేము వెళ్లాం. మేడిపల్లి నుంచి మా మేనల్లుడి భార్య కూడా మొదటి బస్సుకు వచ్చింది. బిడ్డను అత్త దగ్గర వదిలి వచ్చానంది. సాంచెల యజమాని అప్పటికే టీ తాగుతున్నాడు. ఏడున్నరకు ఆమె, భర్త వచ్చారు. ఆమె తెల్లచీర కట్టుకుంది. బైబిలు సంచి మేకుకు తగిలించి, చీర మీద పాత దుప్పటి చుట్టుకుని పీట మీద కూర్చుంది.

చక్రం కట్టర్‌తో డబ్బా అంచు కోసింది. కత్తెరతో కాగితాన్ని రెండు చివర్లా విడదీసింది. మడతలు ఒక్కొక్కటీ విప్పింది. అప్పుడే షెడ్డు గడప దాటిన ఎండలో పళ్లెం పెట్టి, అయస్కాంతం తిప్పింది. సుర్మా లాంటి నల్లటి పొడి కొంచెం అంటింది. అంత అరుగుదల ఏ బండికైనా ఉంటుందని నాకూ తెలుసు. మా మేనల్లుడు ఊపిరి వదిలాడు.

ఆమె ఇంకా చూస్తూనే ఉంది. చివరి మడతల్లో వేలు ఆపింది. గోటితో ఒకటి తీసింది. ఇంకొంత దూరంలో ఇంకొకటి. మా మేనల్లుడి బొటనవేలు పట్టుకుని ఆ రెండూ అతని గోటి మీద పెట్టింది.

"చూడు తమ్మీ. గివి పచ్చగ ఉన్నయి. బేరింగుయి."

"రెండే కదనే" అన్నాడు ఆమె భర్త.

"రెండు లేవని నేనన్ననా?"

సాంచెల యజమాని వంగి చూశాడు. అతనికి కనిపించినట్టు లేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఈసారి తల ఊపాడు.

"గిప్పుడు కొనాల్నా, వద్దా?" మా మేనల్లుడు అడిగాడు. "ఒక్క మాట చెప్పక్కా. నువ్వు ఊఁ అంటె కొంట."

"కొనేటోనివి నువ్వు. ఉన్నది నేను చెప్పిన."

"నేను నీ తమ్ముణ్నయితె ఏం చెప్తవ్?"

ఆమె అతని వేలు వదిలేసింది. "నా తమ్మునివైతె గూడ రెండే ఉంటయి. తమ్మునివని ఒకటైతదా?"

అతను తలదించుకున్నాడు. ఆమె పళ్లెం కింద పెట్టి, ఈసారి మెల్లగా చెప్పింది.

"రెండుంటె బండి నడుస్తది. ఎన్నొద్దులు నడుస్తదో నాకు తెల్వది. ఏడాదో, ఐదేండ్లో. టైముకు ఆయిల్ మార్చు. ఫిల్టర్ నాకు తెచ్చియ్యి. పెరుగుతుంటె ఆగిపోకముందే నీకు చెప్త. గంత మాట ఇయ్యగలుగుత. ఇంకింత ఇయ్యలేను."

దుప్పటి విప్పింది. సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుంది. గోళ్ల మధ్య నలుపు పోలేదు. చీర చూసుకుంది, మరక పడలేదు. బైబిలు సంచి తీసుకుని భర్తను, "పా, పాటలు మొదలైతయి" అని బయలుదేరదీసింది. రోడ్డు దాటేదాకా వెనక్కి చూడలేదు.

షెడ్డు ముందు మేము నలుగురం మిగిలాం. మా మేనల్లుడు తన గోటి మీద ఆ రెండు నలుసులను అలాగే చూస్తూ నిలబడ్డాడు. భార్య దగ్గరికి వచ్చింది. చెయ్యి పట్టుకుని ఎండకు తిప్పి తానూ చూసింది. ఆమెకు వెంటనే కనిపించాయి.

"గింతేనా?" అంది.

ఎనిమిదిన్నర దాటగానే ఏజెంటే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టకపోయినా అవతలి గొంతు మాకు వినిపిస్తూనే ఉంది. ఎక్కడున్నావ్, పాస్‌పోర్టు తెస్తున్నావా, పదింటి తర్వాత నన్నడగొద్దు అంటున్నాడు. మా మేనల్లుడు చివరిదాకా విన్నాడు.

"నేను వస్తలేనన్నా" అన్నాడు. "ఇంకెవలన్న ఉంటె చూసుకో."

అవతల ఇంకా మాట్లాడుతుండగానే ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సాంచెల యజమాని ఏమీ అడగకుండా తాళంచెవి అందించాడు. మా మేనల్లుడు తీసుకుని డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. భార్య వెనక తలుపు తెరిచింది.

"గాడ కాదు, ముందల కూసో" అన్నాడు. "వెనక గిరాకి కూసుంటది."